హాస్టల్ రూమ్మేట్ షష్టిపూర్తి సంచికకు ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: డిగ్రీ మూడేళ్ళూ మీతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడికి వచ్చే నెల, అంటే 2026 జూలై 1కి, అరవై నిండుతున్నాయి. పిల్లలు షష్టిపూర్తి చేస్తూ ఒక చిన్న సంచిక కూడా వేస్తున్నారు. మిమ్మల్ని రెండు పేజీలు రాయమన్నారు. నాలుగుసార్లు మొదలుపెట్టారు. నాలుగుసార్లూ "మంచివాడు, కష్టపడి పైకొచ్చాడు, అందరికీ సాయం చేస్తాడు" దగ్గరే ఆగిపోయారు. అసలు ఏం రాయాలి, పాత సంగతులు ఎంతవరకు చెప్పొచ్చు అని మీ టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ స్నేహితుడి జీవితం గురించి రాయకండి. మీరిద్దరూ ఉన్న గది గురించి రాయండి. ఆ గదిలో మీరు తప్ప ఇంకెవరూ చూడనిది ఒక్కటి పట్టుకోండి. అది ఎంత చిన్నదైనా సరే. రెండు పేజీలకు అదే చాలు.

నేను విశాఖపట్నంలో ఒక ప్రెస్సుకు ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. షష్టిపూర్తి సంచికలు, పదవీ విరమణ సంచికలు, సంస్మరణ సంచికలు చాలానే చేతుల మీదుగా వెళ్ళాయి. వాటిలో స్నేహితుల వ్యాసాలే అన్నిటికన్నా బాగుండాలి. కానీ ఎక్కువసార్లు అవే అన్నిటికన్నా చప్పగా ఉంటాయి. స్నేహం తక్కువై కాదు. అందరూ రాసేదే స్నేహితుడు కూడా రాయబోతాడు, అందుకు.

సంచికలో ఎవరెవరు రాస్తారో ఒకసారి చూడండి. ఆఫీసువాళ్ళు ఆయన ఉద్యోగం గురించి రాస్తారు. తమ్ముళ్ళు, మరదళ్ళు ఇంటికి ఆయన చేసినదంతా రాస్తారు. పిల్లలు నాన్న గురించి రాస్తారు. వాళ్ళందరికీ తెలిసిన మనిషికి అప్పటికే ఒక వరస ఉంది, ఒక హోదా ఉంది. పద్దెనిమిదేళ్ళప్పుడు ఇల్లు వదిలి మొదటిసారి బయటికొచ్చి, ఎవరికీ అన్నయ్య కాకుండా, ఎవరికీ సారు కాకుండా, బనీనుతో మంచం మీద కూర్చుని రేపేం చేయాలో తెలియక కిటికీలోంచి చూసిన కుర్రవాడిని చూసింది మీరొక్కరే. వాళ్ళావిడ కూడా ఆ కుర్రవాణ్ణి చూడలేదు. ఆవిడకు అది మీరు ఇవ్వగల కానుక.

నా సంగతే చెబుతాను. 1986 నుంచి 88 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదివాను. నా గదిలో ఉన్నవాడిది పలాస వైపు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. హాస్టల్లో వాడి పేరు సగం మందికి తెలియదు, అందరికీ వాడు "పలాస". గదికి ఒకటే బల్బు, రెండు మంచాలకూ నడిమధ్యన. నాకు రాత్రి పదకొండు దాటితే గాని పుస్తకం మీద మనసు నిలిచేది కాదు. వాడు పదింటికే పడుకునేవాడు. మొదటి వారంలో ఒకసారి "లైటు ఇబ్బందా?" అని అడిగాను. "నువ్వు సదువుకో, నాకేటి" అని తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్ళూ ఆ తువ్వాలు అలాగే. ఉక్కపోసే మే నెలలోనూ అంతే. నేను మళ్ళీ అడగలేదు. వాడికి అలా పడుకోవడమే అలవాటనుకున్నాను.

1991లో వాడి పెళ్ళికి వెళ్ళాను. ముందురోజు రాత్రి మగవాళ్ళమంతా వసారాలో వరసగా పక్కలేసుకున్నాం. వాళ్ళమ్మ వచ్చి పెట్రోమాక్స్ లైటు అవతలికి తీయించింది. "ఆడికి సిన్నప్పట్నించీ ఎలుతురుంటే నిద్దరట్టదు బాబూ" అంది నాతో, నాకు తెలిసే ఉంటుందన్నట్టు. వాడు అప్పటికే నిద్రపోతున్నాడు, మొహం మీద తువ్వాలు లేకుండా. సెలవులు తీసేసినా నాలుగు వందల పైచిలుకు రాత్రులు, ఒక్కసారి కూడా "ఇంక ఆపరా" అనలేదు.

నిరుడు విశ్వావసులో వాడికి అరవై నిండాయి. నన్నూ రాయమన్నారు. నిజం చెప్పాలంటే నాకు మొదట తోచింది ఈ లైటు సంగతి కాదు. హుద్‌హుద్ తుపాను తోచింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖలో ఉన్నవాళ్ళెవరూ ఆ రోజు మరచిపోరు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ళు లేవు, ఏ వీధి చూసినా చెట్లు అడ్డం పడి ఉన్నాయి. మేం బతికున్నామో లేదో ఎవరికీ చెప్పే దారి లేదు. మూడో రోజు పొద్దున తలుపు కొడితే వీడు. దొరికిన బండల్లా ఎక్కి, ఎంవీపీ కాలనీ దాకా మిగతాది నడిచి వచ్చాడు. భుజాన బియ్యం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, చేతిలో మంచినీళ్ళ డబ్బా.

అదే రాశాను. నాలుగేళ్ళ తర్వాత, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చినప్పుడు నేను వాడి దగ్గరకు వెళ్ళిన సంగతి కూడా రాశాను. మూడు పేజీలు వచ్చింది. చదువుకుంటే బాగానే ఉంది. కానీ మర్నాడు ప్రూఫు దిద్దే కన్నుతో చూస్తే రెండు తేడాలు కనిపించాయి. ఒకటి, ఇది అందరికీ తెలిసిన సంగతి. ఆ బియ్యం మూట కట్టింది వాళ్ళావిడే. వాళ్ళబ్బాయి ఎలాగూ రాస్తాడు, రాశాడు కూడా. రెండు, నేను తిత్లీ తర్వాత వెళ్ళడం పక్కన పెట్టేసరికి వాడు రావడం అప్పు, నేను వెళ్ళడం తీర్చడం అన్నట్టు తయారైంది. ఇద్దరం కలిసి ఖాతా పుస్తకం రాసుకున్నట్టుంది. రెండూ తీసేసి లైటు గురించి పేజీన్నర రాశాను.

ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, మీ ప్రశ్నలో మీరు రాసిన "మా నాన్న పోయినప్పుడు వాడే దగ్గరుండి అన్నీ చూసుకున్నాడు" అన్న వాక్యం చూశాను. అది పెద్ద విషయమే. కానీ అది మీ ఊరంతా చూసింది. ఒక్క వాక్యంలో కృతజ్ఞతగా చెప్పి వదిలేయండి. దాని మీద వ్యాసం నిలబెట్టకండి.

మరి ఆ చిన్న సంగతి ఎలా దొరుకుతుంది? ఆలోచిస్తూ కూర్చుంటే దొరకదు. తెల్ల కాగితం మీద మీ గది గీయండి. తలుపు ఎటు, కిటికీ ఎటు, ఎవరి మంచం ఎక్కడ, ట్రంకుపెట్టెలు ఎక్కడ, బకెట్టు ఎవరిది, తడిబట్టలు ఆరేసే తాడు ఎక్కడి నుంచి ఎక్కడికి. ఆ తాడు మీద వాడి చొక్కాలు ఎన్ని ఉండేవి? ఇంటి నుంచి ఏ పచ్చడి వచ్చేది, ఆ సీసా ఎవరి పెట్టెలో ఉండేది, ఎన్నాళ్ళు వచ్చేది? నెలాఖరులో మనియార్డరు ఆలస్యమైతే వాడేం చేసేవాడు? ఉత్తరాలు మీ ముందు చదువుకునేవాడా, బయటికి వెళ్ళి చదువుకునేవాడా? నేను చాలామంది చేత ఈ పటం గీయించాను. పది నిమిషాలు గీశాక అందరూ ఒక చోట ఆగుతారు. ఆగి, "అవునండీ, ఒక సంగతి..." అంటారు. ఆ సంగతే రాయమంటాను.

తర్వాత "వాడు" అనాలా, "ఆయన" అనాలా? మీరు అడగలేదు గానీ నాలుగుసార్లూ మీరు ఆగిపోవడానికి ఇదే కారణం కావచ్చని నా అనుమానం. నలభై ఏళ్ళకు పైగా "ఒరేయ్" అని పిలిచిన మనిషిని కాగితం మీద "శ్రీ ఫలానా వారు" అనగానే మీ చెయ్యి బిగుసుకుపోతుంది. మీకు తెలిసిన మనిషి కాగితం దిగి వెళ్ళిపోతాడు, వేదిక మీద శాలువా కప్పుకున్న పెద్దమనిషి మిగులుతాడు. అలాగని వియ్యంకులు, అల్లుడు, కోడలు చదివే పుస్తకంలో మొదటి వాక్యం నుంచీ వాడు, వీడు అంటే కొందరికి కష్టంగా ఉంటుంది. అది వాళ్ళ తప్పు కాదు.

నేను పాటించేది ఇది. మొదటి పేరాలో, ఇవాళ్టి మనిషి గురించి చెప్పేటప్పుడు "ఆయన". తర్వాత ఒక్క వాక్యం: "నాకు మాత్రం ఆయన వాడే, ఇక్కణ్ణించి అలాగే రాస్తాను." అక్కడి నుంచి చివరిదాకా "వాడు". ఎవరూ నొచ్చుకోరు. పైగా పెద్ద సభలో మీ ఇద్దరి చనువు అందరికీ మర్యాదగా పరిచయం చేసినట్టు ఉంటుంది. మాటల్ని కూడా అప్పటి యాసలోనే ఉంచండి. మా వాడు "నాకేటి" అన్నాడు. దాన్ని నేను "నాకేమీ ఇబ్బంది లేదు" అని రాసి ఉంటే ఆ మాట అన్నది వాడు కాదు.

ఆడవాళ్ళ విషయంలో ఇది ఇంకా సున్నితం. కొన్నేళ్ళ కిందట తిరుపతిలో చదువుకున్న ఒకావిడ తన రూమ్మేట్ యాభయ్యో పుట్టినరోజుకు రాసిన వ్యాసం నా దగ్గరికొచ్చింది. అందులో మొదటి నుంచీ "అది రాత్రంతా నా జడ చిక్కులు తీసింది", "అది ఏడిస్తే ముక్కు ఎర్రబడేది" అని ఉంది. బాగుండదేమోనని నేను "అది" ఉన్నచోటల్లా "ఆమె" చేశాను. ప్రూఫు చూసుకుని ఆవిడ ఫోన్ చేశారు. కోపం లేదు గానీ గొంతు వణికింది. "అది అంటేనేనండీ నాకు అది కనిపిస్తుంది. ఆమె అంటే ఎవరో" అన్నారు. అన్నీ మళ్ళీ మార్చాను. అప్పటి నుంచి రాసినవాళ్ళను అడక్కుండా సర్వనామం ముట్టుకోలేదు.

ఎంతవరకు చెప్పొచ్చు అన్నారు. నా హద్దు ఇది: తన గురించి ఆయనే నవ్వుతూ ఇంట్లో చెప్పుకునేవి మీరూ చెప్పొచ్చు. ఆయన ఇంట్లో ఎప్పుడూ ఎత్తనివి అడగకుండా ముట్టుకోకండి. అప్పులు, తప్పిన పరీక్షలు, తాగుడు, ఇంట్లో గొడవలు, ఇవన్నీ అందులోకే వస్తాయి. పెళ్ళికి ముందు ప్రేమ సంగతి అయితే అడిగి కూడా రాయొద్దంటాను. ఒక సంచికలో స్నేహితుడొకరు కాలేజీనాటి ఒకమ్మాయి గురించి సరదాగానే నాలుగు వాక్యాలు రాశారు. ఇంట్లోవాళ్ళు ప్రూఫు చూడలేదు. షష్టిపూర్తి అంటే ఆయన ఒక్కడి పుట్టినరోజు కాదు కదా, ఆ దంపతులకు మళ్ళీ పెళ్ళి. ఆ పూట ఆయన ఆవిడ మెడలో మళ్ళీ పుస్తెలు కడతాడు. అలాంటి రోజున ఆవిడ చేతిలో ఆ పేజీ తెరుచుకుంది. ఆవిడ ఏమీ అనలేదట. పుస్తకం మూసి పక్కన పెట్టారట. మూడు వందల కాపీలు అప్పటికే పంచేశారు. ఆ నాలుగు వాక్యాలు నా కంటి ముందు నుంచే వెళ్ళాయి. నాకు ఆ బరువు ఇంకా ఉంది.

అడిగి రాయడంలో ఇంకో లాభం ఉంది. మా వాడి అమ్మ జీడిపిక్కలు కొట్టే పని చేసేది. పలాస చుట్టుపక్కల జీడిపప్పు తీసే ఆడవాళ్ళ చేతులు చూసినవాళ్ళకు తెలుస్తుంది. పిక్క పెంకులో ఉండే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది, వేళ్ళు నల్లబడిపోతాయి. ఆవిడ ఒకసారి మా గదికి వచ్చినప్పుడు, కూర్చున్నంతసేపూ చేతులు పైటలో దాచుకుంది. మాకోసం తెచ్చిన ముక్కపప్పు పొట్లం మాత్రం బయటికి తీసి మంచం మీద పెట్టింది. ఇది రాయాలని ఉంది నాకు. కానీ ఇప్పుడు వాడు హెడ్‌మాస్టరుగా చేసి రిటైరవుతున్నాడు, వియ్యంకులు పెద్దవాళ్ళు. ఫోన్ చేసి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ సేతులు రాయి. పేదరికం అని మాత్రం రాయకు" అన్నాడు. నేను ఇరవై రెండేళ్ళు ఈ పనిలో ఉండి నేర్చుకున్నదంతా ఆ రెండు వాక్యాల్లో వాడు చెప్పేశాడు. చేతులు రాశాను. "పేద కుటుంబంలో పుట్టి" అన్న మాట ఎక్కడా రాయలేదు.

మీరు కూడా రాసింది ఒకసారి ఆ కన్నుతో చూసుకోండి. మృదుస్వభావి, స్నేహశీలి, నిగర్వి, నిరాడంబరుడు, బహుముఖ ప్రజ్ఞాశాలి. ఈ అయిదు మాటలు లేని సంచిక నేను చూడలేదు. అబద్ధాలు కావు అవి. కానీ పేరు మార్చి పక్క పేజీ మనిషికి తగిలించినా అతుకుతాయి. అలా అతికే వాక్యం ప్రతిదీ కొట్టేయండి. ఇంకో పరీక్ష కూడా ఉంది. మన భాషలో "నేను" అని రాయకపోయినా క్రియలోనే నేను ఉంటుంది. ఇచ్చాను, చెప్పాను, తీసుకెళ్ళాను, సర్దాను. ఇలాంటివి అన్నీ గుండ్రంగా చుట్టండి. పేజీలో ఆ సున్నాలే ఎక్కువైతే అది మీ ఆత్మకథ అయిపోయింది. చుట్టినవాటిలో సగం తీసి, ఆ పనులు చూసిన వాడి మొహం ఎలా ఉందో రాయండి.

వాళ్ళావిడకు ఒక వాక్యం కేటాయించండి. పొగడక్కర్లేదు. మీ గదిలో వాడికి లేనిది ఏదో ఆవిడ వచ్చాక వాడి జీవితంలోకి వచ్చి ఉంటుంది, అది మీకే బాగా కనిపిస్తుంది. నేను రాసింది: "ఇప్పుడు వాళ్ళింట్లో పదింటికి లైట్లన్నీ ఆరిపోతాయి. ఆర్పేది చెల్లెమ్మ."

ఇంకొకటి. మీరు పుట్టినరోజు జూలై 1 అన్నారు. అది అసలు పుట్టినరోజేనా అని పిల్లల్ని అడగండి. మన తరంలో బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీయే సర్టిఫికెట్లో ఉండిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. అందులోనూ జూలై 1 మరీ ఎక్కువ. తెలుగు సంవత్సరాలు అరవై కాబట్టి పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ వచ్చినప్పుడు షష్టిపూర్తి చేస్తారు. 1966 ఉగాది తర్వాత పుడితే పరాభవ, ఇప్పుడు నడుస్తున్నదీ పరాభవే, కాబట్టి ఏడాది సరిపోతుంది. కానీ ముహూర్తం సాధారణంగా జన్మతిథినో జన్మనక్షత్రాన్నో బట్టి పెడతారు. మీ వ్యాసంలో "జూలై ఒకటిన పుట్టిన నా మిత్రుడు" అని ఉండి, ఆహ్వానపత్రికలో వేరే తేదీ ఉంటే ఇబ్బందిగా ఉంటుంది. అసలు తేదీ వేరే అయితే, హాస్టల్లో ఆయన పుట్టినరోజు ఏ రోజు చేసుకునేవారో, అసలు చేసుకునేవారో లేదో గుర్తు చేసుకోండి. అందులోనే ఒక మంచి పేరా దొరకొచ్చు.

పద్యాలు రాయించి ఫ్రేము కట్టించి ఇద్దామా అని కూడా అడిగారు. మీకు ఛందస్సు వస్తే తప్పకుండా రాయండి, సీసం రాసి కింద తేటగీతో ఆటవెలదో పెట్టి చదివితే సభంతా నిశ్శబ్దంగా వింటుంది. మీకు రాకపోతే డబ్బిచ్చి రాయించొద్దు. మీ వాణ్ణి ఎరగనివారు రాసిన పద్యంలో మీ గది ఉండదు.

ప్రెస్సు పనుల గురించి నాలుగు మాటలు. సంచికల్లో ఎక్కువగా వాడే సైజులో పేజీకి దాదాపు రెండు వందల మాటలు పడతాయి, ఫోటో ఉంటే ఇంకా తక్కువ. కాబట్టి మీకు నాలుగు వందల మాటలు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి. మీరు మూడో పేజీ రాస్తే ఇంకెవరిదో ఒకటి తగ్గించాలి, లేదా పిల్లలు నాలుగు పేజీలకు ఖర్చు పెట్టుకోవాలి. హాస్టల్ నాటి ఫోటో ఉంటే స్కాన్ చేయించండి. చిన్న ఫోటో అయితే ఆరు వందల డీపీఐలో తీయమనండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫోటోలో మిగతావాళ్ళు ఉంటే ఎవరెవరో వెనకాల పెన్సిలుతో రాసిపెట్టండి. అలాంటి ఫోటోల్లో పేరు తెలియని మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు, ఆ ఒక్కరే ఆ రోజు ఫంక్షనుకు వస్తారు.

ఫోన్లో టైపు చేస్తే ఆ పాఠంతో పాటు పీడీఎఫ్ కూడా పంపండి. డీటీపీవాళ్ళు మన యూనికోడ్ అక్షరాల్ని తాము వాడే "అను" అనే ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు పోవడం, పొల్లులు జారడం మామూలే. పక్కన మీ పీడీఎఫ్ ఉంటే దిద్దేవాడికి తేలిక. సభలో చదవమంటే నాలుగు వందల మాటలు నిదానంగా నాలుగు నిమిషాలు పడుతుంది. ముందురోజు ఇంట్లో గట్టిగా రెండుసార్లు చదువుకోండి. ఎక్కడ గొంతు పట్టేస్తుందో ముందే తెలిస్తే అక్కడ ఒక గుక్క నీళ్ళు తాగడానికి ఆగొచ్చు.

ప్రూఫు మీకే పంపమని పిల్లలకు ఇవాళే చెప్పి పెట్టండి. వచ్చాక అన్నిటికన్నా ముందు ఒక్కటి చూసుకోండి: మీరు "వాడు" అని రాసినచోటల్లా "వాడు" అనే ఉందా అని.